ఆ రీడింగ్‌ను ఆయన కొట్టేయలేదు

తెల్లవారుజామున ఐదింటికి నరసరావుపేటలో మైదానం వైపు వెళ్లి చూడండి. కానిస్టేబుల్ ఉద్యోగానికి ప్రిపేరయ్యే కుర్రాళ్లు, అమ్మాయిలు చీకట్లోనే పరుగు మొదలుపెట్టి ఉంటారు. మాచర్లలో, గురజాలలో కూడా ఇదే సీను. వాళ్లలో మీరూ ఉండొచ్చు. 1600 మీటర్ల పరుగుకు ఊపిరి కావాలి. 100 మీటర్ల పరుగు వేరు. విజిల్ పడ్డాక మొదటి పది సెకన్లలో ఊపిరి అందిందా లేదా అని కాళ్లు ఆగి చూడవు. కండరంలో అప్పటికే దాచి ఉన్న సరుకుతోనే దూసుకెళతాయి.

ఆ సరుకు పేర్లు రెండు. ఒకటి ఫాస్ఫోక్రియాటిన్, రెండోది ఏటీపీ. ఇంటర్ బైపీసీ చదివినవాళ్లకు ఏటీపీ పేరు కంఠతా వచ్చు. ఎంపీసీ వాళ్లు కూడా ఎక్కడో విని ఉంటారు. కండరంలో ఈ రెండింటినీ పట్టుకున్న తొలి శాస్త్రవేత్తల్లో ఒకరు మన భీమవరం మనిషి, డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. పుట్టింది 1895 జనవరి 12న.

ఆయన గురించి వాట్సాప్‌లో తిరిగే పోస్టు మీరు చూసే ఉంటారు. మెట్రిక్ ఫెయిలయ్యాడు, తర్వాత గొప్ప శాస్త్రవేత్త అయ్యాడు, కాబట్టి మీరూ దిగులు పడకండి అని ఉంటుంది. ఆ పోస్టులో నాకు నచ్చనిది ఒకటే. ఫెయిలవడానికీ, గొప్పవాడవడానికీ మధ్య ఆయన చేసిన పనేంటో అందులో ఒక్క ముక్క ఉండదు. ఉద్యోగం కోసం తిరుగుతున్న మనకు కావాల్సింది ఆ ముక్కే.

మూడోసారికి మెట్రిక్

నాన్న జగన్నాథం, అమ్మ వెంకమ్మ. ఏడుగురు పిల్లల్లో సుబ్బారావు నాలుగోవాడు. ఇంట్లో డబ్బుకు ఎప్పుడూ కటకటే. పదమూడేళ్ల వయసులో కాశీ వెళ్లి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి సంపాదిద్దామని ఇంట్లోంచి పారిపోయాడని, వెంకమ్మ గారు వెనక్కి రప్పించి మళ్లీ బడిలో కూర్చోబెట్టారని చెబుతారు. మెట్రిక్ రెండుసార్లు తప్పాడు. మద్రాసు వెళ్లి హిందూ హైస్కూల్లో చదివి మూడోసారికి గట్టెక్కాడు. ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్ పూర్తయ్యాక రామకృష్ణ మఠంలో చేరి సన్యాసం తీసుకుందామనుకున్నాడు. అమ్మ ఒప్పుకోలేదు. వైద్యం చదివి సేవ చేయమని మఠం వాళ్లూ సలహా ఇచ్చారు. అలా మద్రాస్ మెడికల్ కాలేజీలో చేరాడు. 1919లో శేషగిరితో పెళ్లయింది. చదువు ఖర్చులో మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి సాయం ఉంది.

అది గాంధీజీ పిలుపు ఊరూరా వినిపిస్తున్న కాలం. సుబ్బారావు ఆపరేషన్ థియేటర్‌కు ఖద్దరు గౌను వేసుకుని వెళ్లాడు. తెల్ల ప్రొఫెసర్‌కు అది నచ్చలేదు. పరీక్షలు బాగానే రాసినా చేతికి ఎంబీబీఎస్ రాలేదు. అంతకన్నా తక్కువదైన ఎల్ఎంఎస్ సర్టిఫికెట్ ఇచ్చారు. మద్రాస్ ప్రభుత్వ వైద్య సర్వీసులో ఉద్యోగానికి ప్రయత్నిస్తే అదీ దొరకలేదు. మీ భాషలో చెప్పాలంటే రెజ్యూమె మీద మచ్చ పడింది.

అంతకన్నా పెద్ద దెబ్బ ఇంట్లో తగిలింది. ట్రాపికల్ స్ప్రూ అనే పేగుల జబ్బుతో ఇద్దరు అన్నదమ్ములు ఎనిమిది రోజుల తేడాలో పోయారు. తిన్నది ఒంటికి పట్టదు, రక్తం తగ్గిపోతుంది, మనిషి కళ్లముందే ఎండిపోతాడు. అదే జబ్బు సుబ్బారావుకూ వచ్చింది. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద మందుతో బతికాడు. తర్వాత ఆయన దగ్గరే మద్రాస్ ఆయుర్వేద కాలేజీలో అనాటమీ చెప్పే ఉద్యోగం దొరికింది. ఈ జబ్బుకు అసలు కారణమేంటి, మందేంటి అన్న ప్రశ్న మాత్రం ఆయన్ని వదల్లేదు.

బోస్టన్‌లో రాత్రి డ్యూటీ

1922 అక్టోబరు 26న బోస్టన్‌లో దిగాడు. మామగారి సాయం, కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన సొమ్ము కలిస్తే ప్రయాణం సాధ్యమైంది. హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల డిప్లొమాలో చేరాడు. స్కాలర్‌షిప్ లేదు. పొట్ట గడవడానికి ఆసుపత్రిలో నైట్ పోర్టర్‌గా చేరి, రోగుల మలమూత్రాల పాత్రలు కడిగాడు. పగలు క్లాసులు, రాత్రి ఈ డ్యూటీ.

డిప్లొమా అయ్యాక అక్కడే బయోకెమిస్ట్రీ విభాగంలో చిన్న ఉద్యోగం దొరికింది. విభాగాధిపతి ఓటో ఫోలిన్. సుబ్బారావు పనిచేసింది సైరస్ ఫిస్క్ అనే ప్రొఫెసర్ దగ్గర. ఆయన అప్పగించిన పని వినడానికి చాలా చప్పగా ఉంటుంది. రక్తంలో, మూత్రంలో, కణజాలంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో కచ్చితంగా కొలిచే పద్ధతి తయారుచేయాలి. మన రైతులు భాస్వరం అంటారే, అదే.

నీలం రంగు లెక్క

పద్ధతి ఇలా ఉంటుంది. నమూనాలో ఆమ్లం, మాలిబ్డేట్ కలుపుతారు. అందులో ఫాస్ఫేట్ ఉంటే అది మాలిబ్డేట్‌తో జతకడుతుంది. తర్వాత ఒక రిడ్యూసింగ్ ఏజెంట్ వేస్తే ద్రావణం నీలంగా మారుతుంది. ఫాస్ఫేట్ ఎంత ఎక్కువుంటే నీలం అంత ముదురు. తెలిసిన కొలతతో చేసిన మరో ద్రావణం పక్కన పెట్టి, రెండు నీలాలనూ పోల్చి లెక్క కడతారు. నీలం రంగు తెప్పించే పద్ధతులు అంతకుముందూ ఉన్నాయి కానీ వాటిలో రంగు నిలకడగా ఉండేది కాదు. ఫిస్క్, సుబ్బారావు సరైన రసాయనాన్ని ఎంచుకుని దాన్ని నమ్మదగ్గ కొలతగా మార్చారు. 1925లో పేపర్ వచ్చింది. వందేళ్లు దాటినా బయోకెమిస్ట్రీ విద్యార్థులు ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అనే పేరు ల్యాబ్ రికార్డులో రాస్తూనే ఉన్నారు. పొలం మట్టిలో భాస్వరం ఎంతుందో చూసే భూసార పరీక్షలో తేలే నీలం కూడా ఇదే కుటుంబానిది.

అసలు కథ ఆ తర్వాత మొదలైంది. ఈ పద్ధతిని జంతువుల కండరం నుంచి తీసిన ద్రవం మీద వాడి చూశారు. మామూలు ఫాస్ఫేట్ ద్రావణంలో నీలం కొద్ది నిమిషాల్లో పూర్తిగా వచ్చేస్తుంది. కండరం నమూనాలో మాత్రం రంగు మెల్లగా, చూస్తుండగా చూస్తుండగా ముదురుతూ పోయింది. ఇప్పుడు చూస్తే ఒక లెక్క, కాసేపాగి చూస్తే ఇంకో లెక్క.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. బీటెక్‌లో నా ప్రాజెక్టు మిరప తోటలో మట్టి తేమ కొలిచే సెన్సర్. రీడింగ్ అప్పుడప్పుడు ఉన్నట్టుండి గంతేసేది. ఆ వరుసలన్నీ డిలీట్ చేసి గ్రాఫ్ నున్నగా గీశాను. మార్కులు బాగానే పడ్డాయి. తర్వాత ఒక కంపెనీ ఇంటర్వ్యూలో అదే గ్రాఫ్ చూపించాను. పొలంలో తీసిన ఇన్ని రీడింగుల్లో ఒక్క తేడా కూడా లేదేంటని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఉద్యోగం రాలేదు. చాలా నెలలకు పాత ఫైల్ తీసి చూస్తే అర్థమైంది. బోరు మోటారు ఆన్ చేసినప్పుడల్లా రీడింగ్ గంతేసింది. సెన్సర్ నాకు ఏదో చెబుతోంది, నేనే దాని నోరు నొక్కేశాను.

సుబ్బారావు, ఫిస్క్ ఆ పని చేయలేదు. రంగు ఎందుకు ఆలస్యమవుతోందని పట్టుకు కూర్చున్నారు. జవాబు తేలింది. కండరంలో కొంత ఫాస్ఫేట్ విడిగా లేదు, ఇంకో అణువుకు అతుక్కుని ఉంది. అతుక్కున్నది రంగు ఇవ్వదు. పరీక్షలో వేసిన ఆమ్లం, మాలిబ్డేట్ వల్ల ఆ అతుకు మెల్లగా ఊడుతోంది, ఊడిన కొద్దీ నీలం పెరుగుతోంది. అతుక్కున్న రెండో ముక్క క్రియాటిన్. కండరం పనిచేసినప్పుడు ఈ ఫాస్ఫోక్రియాటిన్ తగ్గుతుంది, విశ్రాంతి ఇస్తే మళ్లీ పెరుగుతుంది. 1927లో ఇది ప్రకటించారు. అదే సమయంలో ఇంగ్లండ్‌లో ఎగుల్టన్ దంపతులు కూడా కండరంలో ఇలా తేలిగ్గా విడిపోయే ఫాస్ఫేట్‌ను గుర్తించారు.

ఇది చిన్న సంగతి కాదు. కండరానికి శక్తి లాక్టిక్ ఆమ్లం వల్ల వస్తుందన్నది అప్పటి సిద్ధాంతం. ఆ కండర పరిశోధనలకే హిల్, మేయర్‌హాఫ్‌లకు 1922 నోబెల్ దక్కింది. ఫాస్ఫోక్రియాటిన్ రాకతో ఆ సిద్ధాంతం పునాది కదిలింది. 1929లో ఏటీపీ బయటపడింది. జర్మనీలో కార్ల్ లోమన్, హార్వర్డ్‌లో ఫిస్క్, సుబ్బారావు దాన్ని విడివిడిగా కనుక్కున్నారు.

ఏటీపీ విప్పి చూస్తే

బయాలజీ అంటే భయపడే ఇంజినీరింగ్ వాళ్లు ఈ భాగం వదిలేయకండి. ప్రాణమున్న ప్రతి కణంలో పెద్ద అణువుల కుటుంబాలు నాలుగే. పిండిపదార్థాలు, కొవ్వులు, ప్రొటీన్లు, న్యూక్లిక్ ఆమ్లాలు. నాలుగింటి నిర్మాణంలోనూ ఒకే కిటుకు ఉంది. చిన్న ముక్కలు తీసుకో, రెండు ముక్కల మధ్య నుంచి ఒక నీటి అణువు బయటకు తీసెయ్, అవి అతుక్కుంటాయి. మళ్లీ నీరు చేరిస్తే విడిపోతాయి. మీరు తిన్న అన్నం అరగడమంటే ఈ రెండో పనే.

గ్లూకోజ్ ముక్కలు వరుసగా అతికితే అన్నంలోని స్టార్చ్. వాటినే ఇంకో కోణంలో అతికితే పత్తిలోని సెల్యులోజ్. ముక్క ఒకటే, అతికే తీరు మారింది. అందుకే అన్నం మనకు అరుగుతుంది, పత్తి అరగదు. 20 రకాల అమైనో ఆమ్లాలు వరుస మార్చి మార్చి అతికితే వేలకొద్దీ ప్రొటీన్లు. గ్లిజరాల్‌కు మూడు కొవ్వు ఆమ్లాలు తగిలిస్తే నూనె. వాటిలో ఒకటి తీసి ఆ చోట ఫాస్ఫేట్ పెడితే కణం చుట్టూ పొర కట్టే ఫాస్ఫోలిపిడ్. చక్కెర, ఫాస్ఫేట్, బేస్ అనే మూడు ముక్కలు కలిస్తే న్యూక్లియోటైడ్. అవి గొలుసు కడితే డీఎన్ఏ, ఆర్ఎన్ఏ.

ఇప్పుడు ఏటీపీ చూడండి. అడినిన్ అనే బేస్, రైబోజ్ అనే చక్కెర, వాటి చివర వరుసగా మూడు ఫాస్ఫేట్లు. ఆర్ఎన్ఏ భాషలో ఏ అనే అక్షరం ఉంది కదా, దానికి ఇంకో రెండు ఫాస్ఫేట్లు తగిలిస్తే అదే ఏటీపీ. పక్కపక్కనే ఉన్న ఆ మూడు ఫాస్ఫేట్లకూ రుణావేశమే, ఒకదాన్నొకటి నెట్టుకుంటూ ఉంటాయి. చివరిది నీటితో తెగి పక్కకు పోతే శక్తి విడుదలవుతుంది. మిగిలిన ఏడీపీకి మళ్లీ ఫాస్ఫేట్ అతికిస్తే ఏటీపీ సిద్ధం. 100 మీటర్ల పరుగులో ఆ ఫాస్ఫేట్‌ను అప్పటికప్పుడు అందించేది ఫాస్ఫోక్రియాటిన్. మన శరీరం రోజంతా ఇలా విప్పి, అతికి తిప్పే ఏటీపీ మొత్తం దాదాపు మన బరువంత ఉంటుందని అంచనా. పల్నాడులో మిరపకు, పత్తికి వేసే డీఏపీ బస్తాలోని భాస్వరం మొక్కలో చేరే చోట్లు కూడా ఇవే. ఏటీపీ, డీఎన్ఏ, కణం పొర.

పేరు దక్కలేదు, ప్రమోషన్ దక్కలేదు

1930లో సుబ్బారావుకు పీహెచ్‌డీ వచ్చింది. పాఠ్యపుస్తకాలు తిరగరాయించే పని చేశాక హార్వర్డ్‌లో పర్మినెంట్ ప్రొఫెసర్ అయ్యుంటాడని మీరనుకుంటారు. కాలేదు. మరో పదేళ్లు చిన్న హోదాలోనే ఉండిపోయాడు. ఏటీపీ నిర్మాణం మీద తర్వాతి పనిని యూరప్ వాళ్లు ముందుకు తీసుకెళ్లారు. సుబ్బారావు అప్పట్లోనే వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడ్లను ఫిస్క్ వెలుగులోకి రానివ్వలేదని, అందుకే ఇతరులు ఏళ్ల తర్వాత మళ్లీ కనుక్కోవాల్సి వచ్చిందని తర్వాతి కాలంలో నోబెల్ అందుకున్న జార్జ్ హిచింగ్స్ చెప్పారు. సుబ్బారావు మాత్రం తన పేరు కోసం వీధికెక్కలేదు.

కష్టపడితే గుర్తింపు దానంతటదే వస్తుందని ఎవరైనా చెబితే ఈ జీవితం దానికి సాక్ష్యం చెప్పదు. ఇంకో సంగతికి మాత్రం చెబుతుంది. హోదా ఇవ్వని చోట కూడా చేతిలో పని పెరుగుతూనే ఉంటుంది. 1940లో హార్వర్డ్ వదిలి న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో లెడర్లీ లేబొరేటరీస్ అనే మందుల కంపెనీలో చేరాడు. అక్కడ ఆయన చేతుల్లో ఉన్న విద్యకు విలువ కట్టారు. కొద్దికాలానికే పరిశోధన విభాగం మొత్తానికి అధిపతి అయ్యాడు.

ఒక్క చోట మారిస్తే మందు

అన్నదమ్ముల జబ్బు ఆయన మరిచిపోలేదని చెప్పాను కదా. 1930 ప్రాంతంలో బొంబాయి మిల్లు కార్మికుల్లో గర్భిణులకు వచ్చే రక్తహీనతను లూసీ విల్స్ అనే డాక్టర్ ఈస్ట్ సారంతో తగ్గించింది. ఈస్ట్‌లో ఉన్నదేంటో అప్పటికి తెలియదు. తర్వాత దానికి ఫోలిక్ ఆమ్లం అని పేరొచ్చింది. దాని నిర్మాణం తేల్చి, ల్యాబ్‌లో తయారుచేసిన ఘనత 1940ల మధ్యలో సుబ్బారావు నడిపిన లెడర్లీ బృందానిది. ట్రాపికల్ స్ప్రూ రోగులకు అది పనిచేసింది. మన ఆరోగ్య కేంద్రాల్లో గర్భిణులకు ఐరన్‌తో కలిపి ఇచ్చే మాత్రలో ఉన్నది ఇదే.

ఫోలిక్ ఆమ్లం కూడా మూడు ముక్కల అణువే. టెరిడిన్ అనే ఉంగరం, మధ్యలో పారా అమైనో బెంజోయిక్ ఆమ్లం, చివర గ్లుటామిక్ ఆమ్లం అనే అమైనో ఆమ్లం. కొత్త డీఎన్ఏ తయారవ్వాలంటే కణానికి ఇది కావాలి. బోస్టన్‌లో పిల్లల డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ పిల్లలకు ఫోలేట్లు ఇచ్చి చూస్తే జబ్బు ఇంకా ముదిరినట్టు కనిపించింది. అయితే దానికి అడ్డుపడే అణువు ఇస్తే? సుబ్బారావు బృందం ఆ ఉంగరం మీద ఒక్క చోట ఆక్సిజన్ తీసి అమైనో గ్రూపు పెట్టింది. అదే అమినోప్టెరిన్. కణంలోని ఎంజైమ్ దాన్ని ఫోలిక్ ఆమ్లం అనుకుని పట్టుకుంటుంది, ఇక వదలలేక ఇరుక్కుపోతుంది. తాళంలో తప్పుడు తాళంచెవి విరిగినట్టు. డీఎన్ఏ తయారీ ఆగిపోతుంది.

1948 జూన్‌లో ఫార్బర్ పేపర్ వచ్చింది. 16 మంది పిల్లలకు ఇస్తే పది మందిలో జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. కొంతకాలమే. కానీ అంతకుముందు ఆ కొంతకాలం కూడా లేదు. రక్త క్యాన్సర్‌కు మందు ఉండొచ్చన్న ఆశ అక్కడ మొదలైంది. అమినోప్టెరిన్‌కు ఒక మిథైల్ గ్రూపు తగిలిస్తే వచ్చిన మెథోట్రెక్సేట్‌ను క్యాన్సర్‌కు, కీళ్లవాతానికి ఈరోజుకీ వాడుతున్నారు. మన కోస్తా జిల్లాల్లో బోదకాలు రాకుండా ఇంటింటికీ తిరిగి మింగించిన డీఈసీ మాత్ర కూడా ఆయన ల్యాబ్ నుంచి వచ్చిందే. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటి యాంటీబయోటిక్ అరియోమైసిన్‌ను బెంజమిన్ డగ్గర్ కనుక్కున్నది ఆయన నడిపిన విభాగంలోనే.

తిరిగి రాని మనిషి

ఆ పేపర్ వచ్చిన రెండు నెలలకే, 1948 ఆగస్టులో పెర్ల్ రివర్‌లో నిద్రలోనే గుండె ఆగి సుబ్బారావు చనిపోయాడు. 53 ఏళ్లు. 1922లో ఓడెక్కిన మనిషి మళ్లీ భారతదేశానికి రాలేదు. శేషగిరమ్మ గారు ఆయన్ని మళ్లీ చూడలేదు. చదువైపోగానే వచ్చేస్తాడనుకున్న ఇల్లు పాతికేళ్లకు పైగా ఎదురుచూసింది. విదేశాల కోసం ఫారాలు నింపుతున్న మీలో కొందరికి ఈ సంగతి కొంచెం గుచ్చుకోవాలి. ఆయన గెలుపు ఖరీదులో ఆమె వాటా కూడా ఉంది. పోస్టర్లలో ఆమె బొమ్మ ఉండదు. ఆయన బొమ్మతో 1995లో శతజయంతికి తపాలా శాఖ స్టాంపు వేసింది.

మీ టేబుల్ మీద

ఇది బైపీసీ వాళ్ల కథ అని పక్కన పెట్టకండి. అణువు ఆకారం తేల్చే పనిలో ఇప్పుడు సగం కంప్యూటర్‌దే. ప్రొటీన్ల ఆకారాన్ని లెక్కగట్టి చెప్పిన ఆల్ఫాఫోల్డ్ సాఫ్ట్‌వేర్‌ను నడిపించిన హస్సాబిస్, జంపర్‌లకు, కొత్త ప్రొటీన్లు డిజైన్ చేసిన బేకర్‌తో పాటు 2024 కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. 1971 నుంచి నడుస్తున్న ప్రొటీన్ డేటా బ్యాంక్‌ను మీ ఫోన్‌లోనే ఉచితంగా తెరవొచ్చు. మెథోట్రెక్సేట్ అని వెతికితే ఎంజైమ్‌లో అది ఇరుక్కున్న బొమ్మ కనిపిస్తుంది, వేలితో తిప్పి చూడొచ్చు. పైథాన్ వచ్చిన బీటెక్ వాళ్లకు బయోఇన్ఫర్మాటిక్స్, బీఎస్సీ, బీఫార్మసీ వాళ్లకు మందుల కంపెనీల క్వాలిటీ కంట్రోల్, పరిశోధన వైపు వెళ్లేవాళ్లకు సీఎస్ఐఆర్ నెట్, గ్యాట్-బి, జీప్యాట్ ఉన్నాయి. క్వాలిటీ కంట్రోల్ ఉద్యోగంలో రోజూ చేసేది సుబ్బారావు 1925లో చేసినలాంటి పనే. కచ్చితంగా కొలవడం, తేడా వస్తే ఎందుకొచ్చిందో రాయడం.

మెట్రిక్ రెండుసార్లు తప్పడం వల్ల ఆయన గొప్పవాడు కాలేదు. ఫాస్ఫరస్ కొలవడం ఆయనకు ఎవరికన్నా బాగా వచ్చు కాబట్టి, కొలత తేడా కొట్టినప్పుడు అది తన చేతి పొరపాటు కాదని ధైర్యంగా అనుకోగలిగాడు. ఆ నమ్మకం సర్టిఫికెట్ ఇవ్వదు. ఒకే పని వందలసార్లు చేస్తే వస్తుంది.

రేపు ల్యాబ్‌లోనో, ప్రాజెక్టులోనో ఒక రీడింగ్ తేడాగా వస్తే రబ్బరు తీయకండి. టైమ్ వేసి, పక్కన అప్పుడు ఏం జరుగుతోందో ఒక లైను రాయండి. ఇంటర్వ్యూలో నన్నడిగిన ప్రశ్న మిమ్మల్నీ అడిగితే, మీ దగ్గర ఆ లైను ఉంటుంది.